అద్దం పట్టుకుని

కంది ఊళ్లో హైవేను ఆనుకున్న ఆ ఇంట్లో లారీల హోరు రాత్రీ పగలూ ఆగదు. బైకు మీంచి పడి తలకు దెబ్బ తగిలిన కొడుకును రెండు నెలలకు ఇంటికి తెచ్చుకున్నారు. కళ్లు తెరిచే ఉంటాయి. చూపు ఎక్కడా నిలవదు. హారన్ మోగితే ఉలిక్కిపడతాడు.

“ఇంటున్నడు సార్” అంటుంది తల్లి.

ఆ ఉలికిపాటు స్పృహ లేకున్నా వస్తుంది. అందుకే, ఫిజియోథెరపిస్టునైన నేను కాళ్లూ చేతులూ వంచేముందు సంచిలోంచి చిన్న అద్దం తీస్తాను. అతని ముఖం అతనికే కనిపించేలా పట్టి మెల్లగా కుడికీ ఎడమకీ జరుపుతాను. పెన్నునూ బొమ్మనూ పట్టించుకోని కళ్లు సొంత ముఖం వెంట కదలడం ఎన్నోసార్లు చూశాను. మాట కన్నా ఎంతో ముందు కనిపించే తొలి మెలకువ అది.

డాక్టరు అమాంటడిన్ రాశారు. 1966లో అమెరికాలో ఫ్లూ మందుగా వచ్చిందిది. ఫ్లూ రాకుండా వేసుకున్న ఒక పార్కిన్సన్స్ రోగికి వణుకు, బిగుతు తగ్గడంతో దాని రెండో గుణం బయటపడింది. మెదడులో డోపమిన్ పనికి అది ఊతమిస్తుంది. జోసెఫ్ జియాసినో, జాన్ వైట్ బృందం 2012లో ప్రచురించిన పరిశీలనలో, దెబ్బ తగిలి 4 నుంచి 16 వారాలైన 184 మంది ఉన్నారు. 4 వారాల పాటు ఈ మందు వాడినవాళ్లు ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లకన్నా త్వరగా తేరుకున్నారు. ఆపాక ఆ వేగం తగ్గింది. మరో రెండు వారాలకు రెండు జట్లూ దాదాపు ఒక్కచోటికే చేరాయి.

అంటే మందు కోలుకునే నడకను తొందరపెడుతుంది, అంతే. ఎంత నడిచాడో కనిపెట్టి చెబితేనే మోతాదు పెంచాలో ఆపాలో డాక్టరుకు తెలుస్తుంది. ఫిట్స్ వచ్చినవాళ్లకూ కిడ్నీలు బాగాలేనివాళ్లకూ మరింత జాగ్రత్త కావాలి.

తల్లికి నోటుబుక్కు ఇచ్చాను. “రోజూ ఒకే వేళకు, టీవీ ఆపి, అద్దం చూపించమ్మా. కండ్లతో చూసిందే రాయి. ఆశపడి రాయొద్దు.”

పదిరోజుల పాటు ఒకటే మాట: చూడలే. పదకొండో రోజు గీతల మధ్య వంకర అక్షరాలు: “కుడి దిక్కు రెండుసార్లు చూసిండు. ఎడమ దిక్కు చూడలే.”

ఆ రెండో వాక్యం రాయడానికి ఆ తల్లికి ఎంత గుండె నిబ్బరం కావాలి! మొదటి వాక్యాన్ని నేను నమ్మింది దానివల్లే.