పచ్చదనం ఎవరిది?

చెరువు పచ్చబడిందని చెప్పడానికి కన్ను చాలు. ఇప్పుడు ఉపగ్రహాలూ చెబుతున్నాయి. పత్రహరితం ఎంతుందో యంత్రం తేల్చేస్తుంది. ఆ పచ్చదనం ఎవరిదో తెలియాలంటే మాత్రం ఇప్పటికీ ఒక మనిషి మైక్రోస్కోప్ ముందు కూర్చోవాల్సిందే. మంచినీటిలో తేలే సూక్ష్మ నాచుల (ఫైటోప్లాంక్టన్) మీద పీహెచ్‌డీ చేస్తున్న నాకు ఇంతకంటే ఇష్టమైన పని లేదు.

తెచ్చిన నీటిలో లుగాల్ అయోడిన్ వేస్తాం, పలచటి టీ రంగు వచ్చేదాకా. కణాలు చెడిపోవు, బరువెక్కి అడుగుకు దిగుతాయి. కదపకుండా ఉంచి, పైనీరు మెల్లగా తీసేసి, మిగిలినదాంట్లో ఒక మిల్లీలీటరు సెడ్జ్‌విక్-రాఫ్టర్ పలకలో పోసి లెక్కపెడతాం. సీనడెస్మస్ అయితే తరచూ నాలుగు కణాలు పక్కపక్కనే అతుక్కుని, నాలుగు మూలలా ముళ్లతో ఉంటుంది. డయాటమ్‌కు సిలికా పెంకు, దానిమీద సన్నటి గీతలు. మైక్రోసిస్టిస్ ఆకారం లేని జిగురుముద్ద. దాని కణాల్లో గాలి తిత్తులుంటాయి కనుక అయోడిన్ వేసినా ఒక్కోసారి పైకి తేలుతుంది. పైనీరు చూడకుండా పారబోస్తే అది చెరువులో లేనట్టే లెక్క తేలుతుంది.

చెరువులో ఏది ఉందన్న తేడా చిన్నదేమీ కాదు. డయాటమ్‌లను నీటిలోని సూక్ష్మ జంతువులు తింటాయి, వాటిని చేపలు తింటాయి. మైక్రోసిస్టిస్‌ మేతగా పనికిరావడం తక్కువ, దానిలో కొన్ని రకాలు కాలేయాన్ని దెబ్బతీసే విషాన్ని తయారుచేస్తాయి. చేపల రైతులకు ఇందులో సగం అనుభవంతోనే తెలుసు. తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్లు తెరిస్తే ఆక్సిజన్ పడిపోయిందని గ్రహిస్తారు. పగలు ఆక్సిజన్ ఇచ్చిన ప్లాంక్టనే రాత్రి దాన్ని వాడేసుకుంటుంది.

ఈ విద్య మనకు కొత్తకాదు. ఉస్మానియాలో ఎ.ఆర్. జాఫర్ 1960ల్లోనే హైదరాబాద్ చేపల చెరువుల నాచుల మీద రాశారు. అదే నగరపు చెరువుల మీద 1970లో వ్యాసాలు వెలువరించిన ఎం. మునావర్ తర్వాత కెనడా వెళ్లి గ్రేట్ లేక్స్ ప్లాంక్టన్ మీద పనిచేశారు. నీలాకుపచ్చ నాచుల మీద దేశికాచారి 1959లో వెలువరించిన 'సయనోఫైటా' గ్రంథం ఇప్పటికీ మా బల్లమీద ఉంటుంది.

ఇప్పుడు చెరువును బాగుచేయడమంటే కట్ట, నడకదారి, ఫౌంటెన్. నీళ్లలో ఎవరున్నారని అడిగేవాళ్లు తక్కువ. డిగ్రీ కాలేజీ బోటనీ విభాగంలో మైక్రోస్కోప్ ఉంటుంది, అయోడిన్ ఖరీదైనది కాదు. నెలకోసారి లెక్కపెట్టి రాసిపెడితే కొన్నేళ్లకు ఆ చెరువు చరిత్ర తయారవుతుంది. మీ ఊరి చెరువుమీద పచ్చరంగు తెట్టు కడితే ముందు పశువులను ఆ నీళ్లకు వదలకండి. తర్వాత, చేతికి తొడుగు వేసుకుని ఒక సీసా నింపి దగ్గర్లోని కాలేజీకి పంపండి.