‘సున్నపు’ విశేషణము: అర్థవిచారము

సున్నపురాయి యను సమాసమునకు విగ్రహవాక్యము చెప్పుమన్నచో ‘సున్నముతో కూడిన రాయి’ యని విద్యార్థి తడుముకొనక చెప్పును. ఉపాధ్యాయుడును తల యూపును. రసాయనశాస్త్రజ్ఞుడు మాత్ర మందుల కొప్పుకొనడు. ఆ రాతిలో నున్నది సున్నము గాదు, కాల్షియం కార్బొనేటు. దానిని బట్టీలో కాల్చినప్పుడు బొగ్గుపులుసు వాయువు వెడలిపోగా, శుద్ధమైన రాయి 100 పాళ్లకు 56 పాళ్ల సున్నము మిగులును. కానిచో సమాసము తప్పా?

సంస్కృత ‘చూర్ణ’ శబ్దము ప్రాకృతమున ‘చుణ్ణ’మై తెలుగున ‘సున్న’మైనది. మూలార్థము పొడి. అనగా ఈ పేరు ద్రవ్యమును గాక అవస్థను తెలుపుచున్నది. కాలిన రాయి గడ్డగానే నిలుచును. నీరు చల్లినపిమ్మట వేడెక్కి, పగిలి, పొడియగును. చూర్ణనామము నిజముగా తగినది ఆ తుదిదశకే. 1808లో డేవీ పండితుడు కాల్షియమునకు పేరిడుటకు గ్రహించిన లాటిన్ పదము ‘కాల్క్స్’కు సున్నము, సున్నపురాయి రెండును అర్థములు. తెలుగు ఆ రెంటిని వేరుగా నిలిపినది.

ఇందులకు పల్నాడే సాక్ష్యము. నాగార్జునకొండ శిల్పులు చెక్కినదియు, ఇండ్లలో నేలకు పరచునదియు, పిడుగురాళ్ల బట్టీలలో కాల్చునదియు రసాయనదృష్టిలో ఒక్క జాతి శిలయే. అయినను పరచినప్పుడు అది నాపరాయి, కాల్చబోవునప్పుడు సున్నపురాయి. కావున ‘సున్నమునకైన రాయి’ యనుటయే సమంజసమని నా యభిప్రాయము. పుంపాదేశము కర్మధారయమునకు చెప్పబడినదే యని వైయాకరణు లాక్షేపింతురు గాబోలు. ధాన్యపుకొట్టును ధాన్యముతో కట్టరు. సున్నపుబట్టీని సున్నముతో కట్టరు. తాంబూలపు పళ్లెముచెంత నుండు సున్నపుకాయ సంగతియు నంతియే. సున్నపుతేటలో మాత్రము సున్నము నిజముగా కరగియున్నది. సంబంధమును నిర్ణయించునది ‘పు’ కాదు, ఉత్తరపదము.

ఒక చిక్కు లేకపోలేదు. మాచర్ల సిమెంటు కర్మాగారమున నీ రాయి విడి సున్నముగా తేలదు. మట్టిలోని సిలికాతో కలిసి సిలికేటులగును. అచ్చటను పేరు సున్నపురాయియే. భూగర్భశాస్త్రగ్రంథములలో నాపరాయి సైత మిందులో చేరును. ప్రయోజనవాచకము జాతివాచకమైన దన్నమాట. ఇట్టి స్థితిలో ‘సున్నయుత’ మను కొత్త సమాసమును పారిభాషికముగా తెచ్చిపెట్టినచో, పాతపదము చెప్పని పొరపాటును కొత్తపదము చెప్పును. ద్రవ్యమే వివక్షితమైనచోట ‘కాల్షియం కార్బొనేటు గల’ యని విప్పి వ్రాయుట మేలు. పొడవైనను అబద్ధము కాదు.