డోలీకి ముందు కథ

మన కథల్లో, మన గురించి బయటివాళ్లు రాసిన కథల్లో ఇద్దరు ముసలివాళ్లు పదేపదే కనిపిస్తారు. ఒకరు ఎనభై ఏళ్లొచ్చినా చకచకా కొండెక్కే తాత. అంబలి తాగాడు, అడవి గాలి పీల్చాడు, జబ్బంటే ఎరగడు. ఇంకొకరు డోలీలో మోసుకెళ్లే అవ్వ. ఊరికి దారి లేదు, ఏటి ఒడ్డునే ప్రాణం పోతుంది. మొదటి కథ చదివి గర్వపడతాం, రెండోది చదివి ఏడుస్తాం. రెండింటిలోనూ ఒకే లోపం ఉందని మాకనిపిస్తుంది. రెండూ చాలా ఆలస్యంగా మొదలవుతాయి.

తాత కథ అబద్ధం కాదు. అలాంటి తాతలు మా ఊళ్లోనూ ఉన్నారు. అయితే ఆయన ఈడువాళ్లలో ఎంతమంది మిగిలారని కథ అడగదు. అభయ్ బంగ్ అధ్యక్షతన కేంద్రం వేసిన నిపుణుల కమిటీ గిరిజనుల ఆరోగ్యంపై 2018లో నివేదిక ఇచ్చింది. సాధారణ జనాభాకు ఆయుర్దాయం 67 ఏళ్లుంటే గిరిజనులకు 63.9 అని అందులో ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధాప్య పింఛనుకు మామూలుగా 60 ఏళ్లు నిండాలి, గిరిజనులకు 50 చాలు. మనకు ముసలితనం ముందే వస్తుందని ప్రభుత్వ కాగితమే ఒప్పుకున్నట్టుంది. మన కథలే ఇంకా ఒప్పుకోలేదు.

అవ్వ కథలో దారి లేదన్నది నిజమే. కానీ ఆమె జబ్బు ఆ రోజు పుట్టింది కాదు. చిన్నప్పటి అరకొర తిండి, కాన్పయిన కొద్ది రోజులకే పోడు పని, మళ్లీ మళ్లీ వచ్చిన మలేరియా, పొయ్యి పొగ, నెత్తిన కట్టెల మోపు, సంతలో వాళ్లడిగిన ధరకే ఇచ్చేసిన అడ్డాకులు, ఇవన్నీ ఆమె మోకాళ్లలో, ఊపిరితిత్తుల్లో, కళ్లలో చేరి ఉన్నాయి. రేపు రోడ్డు పడినా ఇవి ఆమెతోపాటే ఆసుపత్రికి వెళ్తాయి.

ఒకసారి మేం తరగతిలో 'మా అవ్వ' గురించి రాయించాం. చాలామంది పిల్లలు 'మా అవ్వ చాలా బలమైనది' అని రాశారు. ఒక అమ్మాయి మాత్రం, 'మా అవ్వ అందరికీ పెట్టి చివర్లో గంజి తాగేదట. ఇప్పుడు కూర్చుంటే లేవలేదు' అని రాసింది. పెద్ద రచయితలు వదిలేసిన ముక్కను ఆ పిల్ల పట్టుకుంది.

కొత్తగా రాస్తున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు మేం చెప్పేదొకటే. అవ్వ గురించి రాసే ముందు ఆమె పక్కన కూర్చోండి. ఇరవై ఏళ్ల వయసులో ఏం మోసిందో, ఏం తిన్నదో, మోపుకు ఎంత ఇచ్చారో అడగండి. కథ అక్కడి నుంచి మొదలైతే, చదివినవాళ్లు రోడ్డు ఒక్కటే కాదు, కూలి రేటు గురించీ అడుగుతారు.