విలువ పక్కన ఏడాది

ప్రోగ్రాం మొదట్లోనే గురుత్వ స్థిరాంకాన్ని 6.67430 × 10⁻¹¹ అని టైపు చేసేసి లెక్కలోకి దిగిపోవడం చాలామందికి అలవాటు. ఆ అంకె ఏ ప్రమాణాల్లో ఉంది, దాన్ని ఎంతవరకు నమ్మవచ్చు, ఏ ఏడాది పట్టికలోంచి తీశారు? మూడింటిలో ఒక్కదానికీ అక్కడ జవాబు ఉండదు. ఆ జవాబులు అంకెను వదలకుండా వెంట ఉండాలని పట్టుబట్టేవాళ్లే పింట్, ఆస్ట్రోపై లాంటి పైథాన్ లైబ్రరీలు రాసేవాళ్లు.

ఈ పట్టుదల కంప్యూటర్లకన్నా పాతది. బర్క్లీలో రేమండ్ బర్జ్ 1929లోనే స్థిరాంకాల విలువలన్నిటినీ సరిపోల్చి, ఏది ఎంత నమ్మదగినదో తేల్చే పెద్ద వ్యాసం ప్రచురించాడు. ఇప్పుడు ఆ పని కోడేటా అనే అంతర్జాతీయ సంస్థ చేస్తోంది. కొన్నేళ్లకోసారి కొత్త పట్టిక వస్తుంది, పాత విలువలు కాస్త జరుగుతాయి.

పింట్‌లో స్థిరాంకాలు మామూలు టెక్స్ట్ ఫైల్లో వరసకొకటి చొప్పున ఉంటాయి. కాంతి వేగం సెకనుకు 299792458 మీటర్లని, అడుగునీ మైలునీ నిర్వచించిన పద్ధతిలోనే రాస్తారు. అందుకే ఏ వేగమైనా కాంతి వేగంలో ఎన్నో వంతో నేరుగా అడగవచ్చు. లెక్కగట్టగలిగిన దాన్ని చేత్తో టైపు చేయకపోవడం ఇక్కడ మంచి పద్ధతి. వాయు స్థిరాంకం కావాలంటే అవొగాడ్రో స్థిరాంకాన్ని బోల్ట్జ్‌మాన్ స్థిరాంకంతో గుణించమని రాస్తే చాలు. 2019 మే 20 నుంచి ఆ రెండూ నిర్వచనం ప్రకారమే కచ్చితమైనవి కాబట్టి వాటి లబ్ధం కూడా కచ్చితమే.

ఆ రోజే ఇంకొకటి తలకిందులైంది. అంతవరకు కచ్చితంగా ఉన్న శూన్యపు అయస్కాంత స్థిరాంకం, ప్రయోగంతో కొలవాల్సిన రాశిగా మారింది. 2018లో రాసిన ప్రోగ్రాం నేడూ అదే జవాబు ఇవ్వాలంటే పాత పట్టిక కూడా అందుబాటులో ఉండాలి. అందుకే ఆస్ట్రోపై 2010, 2014, 2018 కోడేటా పట్టికలను విడివిడిగా, పేర్లతో సహా దాచి ఉంచింది.

పట్టిక ఏడాది ఎంత ముఖ్యమో సూర్యుడి ద్రవ్యరాశి చెబుతుంది. గ్రహాల కదలికల నుంచి మనకు తెలిసేది విడిగా ద్రవ్యరాశి కాదు, గురుత్వ స్థిరాంకంతో దాని లబ్ధం. ఆ లబ్ధం చాలా స్థానాల వరకు తెలుసు. గురుత్వ స్థిరాంకంలోనే లక్షకు రెండు పాళ్ల సందేహం ఉంది. ఆస్ట్రోపై ఆ లబ్ధాన్ని స్థిరాంకంతో భాగించి ద్రవ్యరాశి తేలుస్తుంది. 2014 పట్టికలోని 6.67408, 2018 నాటికి 6.67430 అయ్యేసరికి, కోడ్‌లో సూర్యుడు దాదాపు పదకొండు భూగోళాలంత తగ్గాడు. కక్ష్యల లెక్కకు ద్రవ్యరాశిని కాకుండా ఆ లబ్ధాన్నే వాడాలి. లైబ్రరీ దాన్ని వేరే పేరుతో సిద్ధంగా ఉంచుతుంది కూడా.

ఎలక్ట్రాన్ ఆవేశం విషయంలో ఆస్ట్రోపై ఇంకా గట్టిగా ఉంటుంది. సెంటీమీటర్-గ్రాము పద్ధతుల్లో ఆవేశానికి మితులే వేరు. ఏ పద్ధతో చెప్పకుండా లెక్కలో వాడబోతే ప్రోగ్రాం ఆగిపోతుంది. తప్పు జవాబు మౌనంగా ఇవ్వడం కన్నా ఇలా ఆగిపోవడమే వాడేవాడికి నిజమైన సాయం.

అనిశ్చితిని రాసుకున్నా మరో చిక్కు మిగులుతుంది. శూన్యపు విద్యుత్, అయస్కాంత స్థిరాంకాలు రెండూ ఇప్పుడు కొలిచినవే. కానీ వాటి లబ్ధం కాంతి వేగపు వర్గానికి విలోమం, అందులో సందేహానికి చోటు లేదు. రెంటికీ విడివిడిగా అనిశ్చితి రాసి సంబంధం లేనివాటిలా గుణిస్తే, లేని సందేహం జవాబులో వచ్చి చేరుతుంది. కొత్తగా స్థిరాంకాలు చేర్చేవాళ్లు ఈ జంట కోసం కొలిచిన విలువగా సూక్ష్మ నిర్మాణ స్థిరాంకం ఒక్కదాన్నే పెట్టుకుని, రెంటినీ దాని నుంచే సూత్రాలతో రాబట్టడం మేలు.