కాంతారావు కత్తి, సుమన్ కరాటే

అప్పటి నల్లగొండ జిల్లా కోదాడ దగ్గరి గుడిబండలో 1923లో పుట్టిన తాడేపల్లి లక్ష్మీకాంతారావును జనం కత్తి కాంతారావు అనే పిలిచారు. సుమన్ పేరు చెబితే ఇప్పటికీ ముందు కరాటే గుర్తొస్తుంది. తరాలు వేరైనా, చేతిలోని విద్య పేరుకు అంటుకుపోయిన నటులు ఇద్దరూ.

హెచ్.ఎం.రెడ్డి ‘ప్రతిజ్ఞ’ (1953)తో హీరో అయిన కాంతారావుకు విఠలాచార్య జానపదాలు రాజ్యం కట్టబెట్టాయి. ‘గురువును మించిన శిష్యుడు’ (1963), ‘జ్వాలాద్వీప రహస్యం’ (1965) వంటి సినిమాల్లో కత్తియుద్ధం కూడా ఒక సంభాషణే. వేటుకూ వేటుకూ మధ్య సవాలు, ఎగతాళి, కనుబొమ ఎగరేయడం. కత్తి దూయకముందే రాకుమారుడి నడకలో పొగరు కనిపిస్తుంది. ఆ కత్తిని కథలోంచి తీసేస్తే పాత్రే మిగలదు.

సుమన్ సంగతి తిరగేసి ఉంటుంది. ‘ఎంటర్ ది డ్రాగన్’ (1973) తర్వాత ఊరూరా కుర్రకారుకు కరాటే పిచ్చి పట్టిన కాలంలో, ఆ విద్య నేర్చుకునే మద్రాసు నుంచి తెరమీదికొచ్చాడు. భానుచందర్‌తో కలిసి చేసిన ‘మెరుపు దాడి’ (1984) లాంటి సినిమాల్లో కాలు లేస్తే హాల్లో ఈలలే. దెబ్బలో నిజం ఉంది, వేగం ఉంది. కానీ ఫైటు మొదలవగానే కథ పక్కకు తప్పుకుని నిలబడుతుంది. ఆ హీరో కోపానికీ మరో హీరో కోపానికీ తేడా చెప్పే పని కరాటేకు ఎవరూ అప్పగించలేదు.

విచిత్రంగా, ఇద్దరి సత్తా తేలింది పోరాటం లేని చోటే. ‘లవకుశ’ (1963)లో సీతను అడవిలో వదలాల్సిన లక్ష్మణుడిగా కాంతారావు వీరుడే, అయినా ఆ ఘట్టంలో ఆయుధం ఎత్తే వీలులేని వీరుడు. అన్న ఆజ్ఞ ఒకవైపు, వదిన ముఖం మరోవైపు. ఆ నలుగుబాటంతా కళ్లలోనే పలికించాలి. ‘అన్నమయ్య’ (1997)లో వేంకటేశ్వరుడిగా సుమన్‌కు గొంతు కూడా సొంతం కాదు, ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం అరువిచ్చారు. మిగిలింది దేహం ఒక్కటే. నిటారైన వెన్ను, తొందరపడని చూపు, పెదవి దాటని చిరునవ్వుతో ఆ పాత్రను నిలబెట్టాడు. కాలు ఎప్పుడు లేపాలో తెలిసినవాడికి కదలకుండా ఉండడమూ తెలుస్తుంది. దర్శకులు ఆ నిగ్రహాన్ని అంత ఆలస్యంగా గుర్తించడమే లోటు.

అయితే బతుకు లెక్క వేరు. కాంతారావు విద్య జానపదానికి కట్టుబడింది. ఆ సినిమాల కాలం చెల్లాక కోటలతోపాటు ఆయన డిమాండూ కూలింది. ‘సప్తస్వరాలు’ (1969) వంటి సొంత చిత్రాలు నష్టాలు మిగిల్చాయి. ఒకప్పటి రాకుమారుడు చిన్నాచితకా వేషాలకు ఒప్పుకోవాల్సి వచ్చింది. 2009లో కన్నుమూశాడు. మరుసటి ఏడాదే ఆయన బిరుదు ఒక కామెడీ సినిమాకు పేరైంది. సుమన్ విద్యకు అలాంటి కట్టుబాటు లేదు. హీరో వేషాలు తగ్గినా ‘శివాజీ’ (2007)లో రజనీకాంత్‌కు ఎదురు నిలిచే ప్రతినాయకుడయ్యాడు.

నటనగా తూస్తే కాంతారావు కత్తిదే బరువు, ఎందుకంటే అది పాత్రతో మాట్లాడింది. కాలంతో నెగ్గుకు రావడంలో సుమన్‌దే పైచేయి. మన పరిశ్రమ ఒకరికి కత్తి ఇచ్చి కట్టేసింది, మరొకరి కరాటేను వాడుకుని పాత్ర ఇవ్వడం మరిచింది. ఇద్దరి విషయంలోనూ తప్పిన గురి దర్శకులదే.