వెంకయ్యకి కూడెవరు వండారు?

'ఒక ఊరి కథ' మొదటిసారి చూసినప్పుడు నాకు పాతికేళ్లు. హైదరాబాద్‌లో షేరింగ్ రూమ్, అర్ధరాత్రి, ల్యాప్‌టాప్‌లో మసకబారిన ప్రింటు. ఆ వారం ఏదో రిలీజ్ ఉందని వరసగా మూడు రాత్రులు ఆఫీసులోనే ఉన్నాను. అలాంటివాడికి వెంకయ్య కనబడితే ఇంకేముంది! ఎంత కష్టపడినా బాగుపడేది భూస్వామే, అందుకే పని చెయ్యను అంటాడతను. తను చెయ్యడు, కొడుకు కిష్టయ్యనీ చెయ్యనివ్వడు. నాకు హీరో దొరికేశాడు. మర్నాడు లంచ్ దగ్గర వెంకయ్య సిద్ధాంతం మీద ఉపన్యాసం కూడా ఇచ్చాను. మా మేనేజర్ నవ్వాడు. (అప్రైజల్‌లో నవ్వలేదు, అది వేరే సంగతి.)

ప్రేమ్‌చంద్ 'కఫన్' కథని మృణాల్ సేన్ 1977లో తెలుగులో తీశాడు. దర్శకుడు బెంగాలీ, నీలమ్మగా వేసిన మమతా శంకర్ కూడా బెంగాలీయే. వెంకయ్యగా వేసిన వాసుదేవరావు కన్నడవాడు, అంతకు ముందు 'చోమన దుడి'కి జాతీయ ఉత్తమ నటుడు అవార్డు తీసుకున్నవాడు. కిష్టయ్యగా వేసిన నారాయణరావు మాత్రం మనవాడు. ఇంతమంది బయటివాళ్ళు కలిసి తీసింది మన సినిమా ఎలా అవుతుందని అడిగేవాళ్ళుంటారు. ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు వచ్చింది కదా, అక్కడితో వదిలేద్దాం.

ఇంత ఉపోద్ఘాతం ఎందుకంటే, మొన్న సంక్రాంతికి ఎలమంచిలి వెళ్ళినప్పుడు అదే సినిమా ఇంట్లో టీవీకి కలిపి పెట్టాను. నాన్న పది నిమిషాలకే నిద్రపోయారు. అమ్మ మాత్రం కూర్చుంది. పెళ్ళికి ముందు నాట్లకీ కోతలకీ వెళ్ళిన మనిషి. వెంకయ్య తన వాదన మొదలెట్టగానే నేను ఆమె ముఖం వైపు చూస్తున్నాను, మెచ్చుకుంటుందేమోనని. ఆమె అడిగింది ఒక్కటే.

"బాగానే సెప్తన్నాడు గానీ, ఆడికి కూడెవులొండుతారు?"

అన్నేళ్ళుగా ఎంతో ఇష్టంగా తలుచుకున్న సినిమా నాకు అక్కడ తిరగబడిపోయింది.

'కఫన్' చదివినవాళ్ళకి తెలుసు, కథ మొదలయ్యేసరికే కోడలు బుధియా లోపల పురిటి నొప్పులు పడుతూ ఉంటుంది. తండ్రీకొడుకులు బయట కూర్చుని ఆలుగడ్డలు కాల్చుకుని తింటుంటారు. ఆమె ఆ ఇంటికొచ్చి పిండి విసిరి, గడ్డి కోసి ఈ ఇద్దరి పొట్టలూ నింపిన సంగతి ప్రేమ్‌చంద్ నాలుగు మాటల్లో చెప్పేస్తాడు. ఆ నాలుగు మాటలనే సేన్ సినిమాలో పెద్ద భాగం చేశాడు. నీలమ్మ పెళ్ళి చేసుకుని రావడం, ఆ గుడిసెని ఇల్లులా చెయ్యాలని చూడటం, కూలికెళ్ళి తేవడం, తెచ్చింది వీళ్ళు తినెయ్యడం, ఇవన్నీ మన కళ్ళముందే జరుగుతాయి. అందుకే కథలో బుధియా చావు మనకి దాదాపు కబురులా అందితే, సినిమాలో పోయేది మనకి బాగా తెలిసిన మనిషి.

భూస్వామి విషయంలో వెంకయ్య చెప్పేది ఇప్పటికీ తప్పనలేను. కానీ గుడిసెలోకి వచ్చేసరికి లెక్క మారిపోతుంది. ఒకరి కష్టం మీద ఇంకొకరు కూర్చుని తినడమే కదా అతను తిట్టే అన్యాయం? నీలమ్మ దగ్గర అతను చేసేదీ అదే. నేను పాతికేళ్ళప్పుడు ఇది చూడలేదు. చూడలేదంటే, అప్పుడు నా బట్టలు ఎవరు ఉతికేవారో కూడా పట్టించుకోలేదు లెండి.

సేన్ మీద నాకు ఒక ఫిర్యాదుంది. ఈ ముసలాడంటే ఆయనకి మరీ ముద్దు. వాసుదేవరావు ముఖం దొరికాక ఏ దర్శకుడికైనా అంతేనేమో, కెమెరా అతన్ని వదలదు, మాటలన్నీ అతనికే. నీలమ్మకి పని ఇచ్చాడు గానీ అంత పదునైన వాదన ఇవ్వలేదు. మధ్యలో నలిగే కిష్టయ్య మాత్రం ఈసారి నన్ను బాగా ఇబ్బంది పెట్టాడు. పెళ్ళాం బాధ అతనికి తెలుసు, తండ్రి మాట దాటి లేవడు. చెడ్డవాడైతే తిట్టి ఊరుకునేవాణ్ణి.

ముగింపు చెప్పను, చూడనివాళ్ళుంటారు. నీలమ్మ నొప్పులు పడుతున్నప్పుడు అమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆపెయ్యనా అని అడిగాను.

"ఒద్దు, ఇక్కడికి ఇనబడతంది" అంది.