వెదురు మేకులు, వేలిగోళ్ళు

క్యోటోలో గుడి, తోట, మగ్గం మూడూ ఒక్కరోజులో చూడాలనుకునేవాళ్ళకు నేను చెప్పే దారి ఇది: పొద్దున్నే తూర్పు కొండవాలు మీది కియోమిజు-దేరా గుడి, మధ్యాహ్నానికి ఊరికి వాయవ్యాన ఉన్న ర్యోఆన్-జి, తిరుగుదారిలో నిషిజిన్ నేతపేట. వెంట గైడ్ ఉంటే మంచిదే. గైడ్‌లు షోగన్‌ల పేర్లూ కాలాలూ ఎలాగూ చెబుతారు; మనం అడిగి మరీ తెలుసుకోవాల్సింది పనితనం గురించి. అక్కడి కట్టెలూ బెరళ్ళూ ఎప్పటికప్పుడు మారుతూనే ఉన్నాయి. వాటిని మార్చే నేర్పు మాత్రం ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి తెగకుండా వచ్చింది.

కియోమిజు ప్రధాన మందిరం ముందు లోయ మీదికి చొచ్చుకొచ్చిన చెక్క వేదిక ఉంది. ఎత్తు దాదాపు 13 మీటర్లు. ఫోటోల కోసం అందరూ దాని మీద నిలబడతారు గానీ, దాని గొప్పతనం తెలియాలంటే కిందికి దిగి తలెత్తి చూడాలి. కెయాకి మానులతో నిలిపిన 18 స్తంభాలు, వాటికి తొలిచిన రంధ్రాల్లోంచి అడ్డంగా దూర్చిన దూలాలు, సందుల్లో బిగించిన చెక్క చీలలు. ఆ కూర్పులో ఇనుప మేకు లేదు. భూమి కంపిస్తే కీలు కీలూ కాస్త కదిలి ఆ ఊపును పంచుకుంటాయి. పాత మందిరం కాలిపోయాక 1633లో తిరిగి కట్టింది ఇది.

పైకప్పు సంగతి ఇంకా ఆశ్చర్యం. అది పెంకు కాదు, రేకు కాదు, హినోకి అనే చెట్టు బెరడు. దాన్ని ఒలిచే పనివాళ్ళు వేరే ఉంటారు. డెబ్భై ఎనభై ఏళ్ళు దాటిన చెట్టును ఎంచుకుని, తాడు సాయంతో మాను మీదికి పాకుతూ, చెక్కతో చేసిన గరిటెలాంటి పనిముట్టుతో బెరడును కింది నుంచి పైకి ఎత్తుకుంటూ పోతారు. ఇనుము వాడరు. లోపలి పొరకు గీటు పడితే చెట్టు దెబ్బతింటుంది కాబట్టి ఆ జాగ్రత్త. చెట్టు చురుగ్గా ఎదిగే కాలంలో అసలు ముట్టుకోరు. మొదటిసారి వచ్చిన బెరడు మొరటుగా ఉంటుంది. ఎనిమిది పదేళ్ళకు మళ్ళీ కట్టిన బెరడే కప్పుకు పనికొచ్చే మేలు రకం. అంటే, ఇవాళ మొదటి ఒలుపు ఒలిచేవాడు పదేళ్ళ తర్వాతి పంట కోసం కష్టపడుతున్నాడన్నమాట. చెట్టు బతికే ఉంటుంది, మళ్ళీ మళ్ళీ ఇస్తుంది.

కప్పు నేయడం మన తాటాకింటి పద్ధతే, చూరు నుంచి పైకి. కాకపోతే ఇక్కడ సుమారు 75 సెంటీమీటర్ల పొడవున్న బెరడు ముక్కల్ని ఒక్కో వరసకు సెంటీమీటరు పైచిలుకు మాత్రమే జరుపుతూ పేరుస్తారు. అంటే ఒకే చోట అనేక పొరలు దట్టంగా కమ్ముకుంటాయి. వాటిని బిగించేది వేయించి గట్టిపరిచిన వెదురు మేకులతో. పనివాడు గుప్పెడు మేకులు నోట్లో వేసుకుని, నాలుకతో ఒక్కొక్కటే పెదవుల మధ్యకు తెచ్చి, అందుకుని సుత్తితో దిగ్గొడతాడు. రెండో చెయ్యి బెరడును పట్టుకునే ఉండాలి మరి. ఇలా నేసిన కప్పు సుమారు ముప్ఫై నలభై ఏళ్ళు ఆగుతుంది. కియోమిజు కప్పును చివరిసారి మార్చిన పని 2020లో ముగిసింది.

ఈ చేతిపనులకు చట్టం అండ కూడా ఉంది. 1949 జనవరి 26న హోర్యూ-జి అనే ప్రాచీన గుడిలో మంటలు లేచి, ప్రపంచమంతా మెచ్చిన కుడ్యచిత్రాలు పాడైపోయాయి. ఆ దుఃఖంలోంచి మరుసటి ఏడాది సాంస్కృతిక సంపదను కాపాడే చట్టం పుట్టింది. 1975లో దాన్ని సవరించి, కట్టడాలను నిలబెట్టే చేతిపనులకు కూడా రక్షణ ఇచ్చారు. బెరడు ఒలవడం, వెదురు మేకులు చేయడం ఇప్పుడు ఆ జాబితాలో ఉన్నాయి. ఒక దేశం తన చట్టంలో వెదురు మేకుకు చోటివ్వడం నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది. గుడిని కాపాడతామని ఎవరైనా అంటారు; మేకు చేసే మనిషిని కాపాడితేనే ఆ మాట నిలుస్తుంది. యునెస్కో కూడా 2020లో జపాన్ చెక్క కట్టడాల సంరక్షణకు చెందిన 17 నైపుణ్యాలను మానవాళి వారసత్వంగా గుర్తించింది. కియోమిజు వాళ్ళు ఇంకో అడుగు ముందుకేశారు. కొన్ని శతాబ్దాల తర్వాత స్తంభాలు మార్చాల్సి వస్తుందని లెక్కవేసుకుని, క్యోటో కొండల్లో ఇప్పుడే కెయాకి మొక్కలు నాటించారు.

ర్యోఆన్-జి రాళ్ళ తోటలో నీళ్ళుండవు. సుమారు 25 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పున్న ఆవరణలో తెల్లని కంకర, ఐదు గుంపులుగా 15 రాళ్ళు, వాటి పాదాల దగ్గర కాస్త నాచు. వరండా మీద ఎక్కడ కూర్చున్నా ఏదో ఒక రాయి ఇంకో రాయి చాటున ఉండిపోతుంది. కంకర మీది గీతలు బరువైన చెక్క పళ్ళగొర్రుతో లాగినవి. అడుగుజాడ మిగలకూడదు గనక వెనక్కి నడుస్తూ గీస్తారు. వానకూ ఆకులకూ చెరుగుతాయి, మళ్ళీ గీస్తారు. చుట్టూ ఉన్న మట్టిగోడను కూడా చూడండి. నూనె కలిపి మెదిపిన మట్టి అది. కాలం గడిచేకొద్దీ ఆ నూనె పైకి ఊరి గోడ మీద మరకలు వేసింది. వాటిని ఎవరూ సున్నం కొట్టి కప్పేయలేదు.

రాయి నిలపడం అక్కడ చాలా పాత శాస్త్రం. 11వ శతాబ్దంలోనే సకుతేయికి అనే తోటల గ్రంథం వచ్చింది. ముందు ఒక ముఖ్యమైన రాయిని నిలిపి, అది ఏం కోరుతుందో గమనించి తక్కినవి పెట్టమనేది దాని పద్ధతి. అయితే గ్రంథం రాసినవాళ్ళు ప్రభువులు, రాళ్ళు మోసినవాళ్ళు వేరు. మధ్యయుగంలో ఈ పని చేసినవాళ్ళలో ముఖ్యులు కవరమోనో జనం: నది ఒడ్డున బతుకుతూ, తోళ్ళపని చేస్తూ, ఊరివాళ్ళ చేత అంటరానివాళ్ళుగా చూడబడినవాళ్ళు. వాళ్ళలోంచి వచ్చిన జెన్‌అమి 15వ శతాబ్దంలో షోగన్ అషికగా యోషిమసా మెచ్చిన తోటపనివాడయ్యాడు. ర్యోఆన్-జిలో ఒక రాతి వెనుక కొతారో అనే పేరు చెక్కి ఉంది. ఆ వరండాలో కూర్చుని జెన్ తత్వం గురించి ఎంతైనా మాట్లాడుకోవచ్చు. ఆ పేరు కూడా ఒకసారి పలికితే బాగుంటుందని నా కోరిక.

దారిలో ఏ తోటలోనైనా పైన్ జాతి మాట్సు చెట్లు కనిపిస్తే ఆగండి. వసంతం చివర వాటి లేత చిగుళ్ళను వేళ్ళతోనే తుంచుతారు. చలికాలం ముందు పాత సూదులను చేత్తో దూసి, లోపలి కొమ్మలకు వెలుతురు అందేలా చేస్తారు. గాలికి వంగిన ముసలి చెట్టులా కనిపించేది ఏటేటా ఈ చేతులు దిద్దుతూ వచ్చిన రూపం.

నిషిజిన్‌కు ఆ పేరు 1467 నుంచి 1477 దాకా సాగిన ఓనిన్ యుద్ధంలో పడమటి సేన విడిది చేయడంతో వచ్చింది. యుద్ధం ముగిశాక చెల్లాచెదురైన నేతవాళ్ళు తిరిగొచ్చి అక్కడే స్థిరపడ్డారు. 1870లలో ఫ్రాన్స్‌లోని లియాన్ నుంచి బొమ్మలు నేసే జకార్డ్ యంత్రాన్ని తెచ్చుకున్నారు కూడా. కానీ జకార్డ్ అవసరం లేని నేత ఒకటుంది, త్సుజురె. దాన్ని నేసేవాళ్ళు తమ గోళ్ళ అంచును రంపంలా అరగదీసుకుంటారు. పడుగు కింద పెట్టిన బొమ్మను చూసుకుంటూ, రంగు మారిన చోటల్లా చిన్న నాడె మార్చి, పేకను ఆ గోటి పళ్ళతో దువ్వి కిందికి జరుపుతారు. బొమ్మ చిక్కనిదైతే రోజంతా నేసినా సెంటీమీటరుకు మించి సాగదు.

ఈ నేతపేటలో మనవాళ్ళు చేసిన బట్ట కూడా గుర్తుకు రావాలి. మచిలీపట్నంలో డచ్చివాళ్ళు 1605లో వర్తకస్థావరం పెట్టారు. కోరమాండల్ తీరపు అద్దకం బట్టలు వాళ్ళ ఓడల్లో జపాన్ చేరాయి. తేనీటి వేడుక నడిపేవాళ్ళు వాటిని అపురూపంగా దాచుకుని, పొడి భరిణెలకు సంచులుగా కుట్టించుకున్నారు.

నిషిజిన్‌లో ఒక బట్టను తయారు చేసే పనిలో బొమ్మ గీసేవాళ్ళు, దారానికి రంగు వేసేవాళ్ళు, పడుగు సాగదీసేవాళ్ళు, నేసేవాళ్ళు వేరువేరు ఇళ్ళలో ఉంటారు. పన్నె, నాడె చేసే ఇళ్ళు ఇంకా వేరు. ఒక్క ఇంట్లో పని ఆగినా ఆ దెబ్బ మిగతా మగ్గాలన్నిటికీ తగులుతుంది. చాలా ఇళ్ళలో పెద్దవాళ్ళే మిగిలారు. అందుకే నేతగాడి ముందు కూర్చున్నప్పుడు బట్ట ధర తర్వాత అడగొచ్చు. ముందు గైడ్ చేత ఈ రెండు మాటలు అడిగించండి: ఈ నాడె ఎవరు చేశారు, ఆ పని ఇప్పుడు ఎవరు నేర్చుకుంటున్నారు? జవాబు తీరికగా చెప్పాల్సినది. సాయంత్రం కనీసం రెండు గంటలు నిషిజిన్‌కు వదిలిపెట్టండి.